పెళ్లికార్డు మీద కొబ్బరితోట

అమ్మాయీ,

నీ వ్యాసం అందింది. పిల్లల కోసం వంపు అద్దాల మీద రాయాలనుకోవడం మంచి ఆలోచనే. కానీ రెండో పేరాకే నాకు ఆవులింత వచ్చింది. "వస్తువు వక్రతా కేంద్రానికి ఆవల ఉన్నప్పుడు ప్రతిబింబం తలకిందులుగా, చిన్నదిగా ఏర్పడును" అని మొదలుపెట్టి, ఆరు స్థానాలూ వరసగా అప్పజెప్పేశావు. ఒక్కటీ తప్పు కాదు. పదో తరగతిలో మార్కుల కోసం బట్టీపట్టిన పట్టికే అది. నువ్వు అద్దం ముందు నిలబడ్డట్టు మాత్రం ఎక్కడా కనిపించలేదు.

నేనూ ఇలాగే దొరికిపోయాను ఒకసారి. ఒక కథలో పెళ్లికొడుకు స్పూను వీపు మీద తన మొహం తలకిందులుగా చూసుకుని కంగారుపడ్డట్టు రాశాను. అచ్చయిన వారానికి అమలాపురం నుంచి ఒక సైన్సు మాస్టారి కార్డు వచ్చింది: "అయ్యా, స్పూను వీపు కుంభాకారం, అంటే బయటికి ఉబ్బిన వంపు. అందులో ఎవరి మొహమైనా నిటారుగానే, చిన్నగానే ఉంటుంది. మీ పెళ్లికొడుకును స్పూను తిప్పి పట్టుకోమనండి." సిగ్గేసింది. అప్పట్నుంచి చూడకుండా రాయడం మానేశాను, దాదాపుగా.

సరే, ఇలా చెయ్యి. మీ ఊరి హైస్కూల్లో ఒక పుటాకార దర్పణం, అంటే లోపలికి గుంటపడ్డ అద్దం, అరువడుగు. నా బల్ల మీదున్నదాని నాభ్యంతరం, అంటే దూరం నుంచి వచ్చే వెలుతురును అద్దం ఎంత దూరంలో ఒకచోటికి చేరుస్తుందో అది, 20 సెంటీమీటర్లు. కొలిచింది స్కేలుతోనూ, కొబ్బరితోటతోనూ. మధ్యాహ్నం తలుపులన్నీ వేసి, కాలవ వైపు కిటికీ ఒక్కటే తెరిచి, అద్దాన్ని దానికి ఎదురుగా పెట్టాను. పాత పెళ్లికార్డు తెల్లటి వెనక వైపును అద్దానికి ముందు, ఓ పక్కగా పట్టుకుని ముందుకీ వెనక్కీ జరిపాను. మొదట పచ్చటి మరక. 20 సెంటీమీటర్ల దగ్గర ఆ మరక ఒక్కసారిగా మట్టలుగా విడిపోయింది! కాలవవతలి తోటంతా కార్డు మీద తలకిందులుగా, గాలికి ఊగుతూ. గట్టు మీద ఎవరో సైకిలు తొక్కుతుంటే చక్రాలు పైకి పెట్టుకుని పోయింది. 150 మీటర్ల దూరంలోని 15 మీటర్ల చెట్టు 2 సెంటీమీటర్లకు దిగిపోయింది. తోట తేటపడ్డ ఆ చోటే నాభి. నాభి అంటే బొడ్డు కదా అని పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

న్యూటన్ సంగతి చివర్లో అతికించావు. దాన్ని ఈ తోట పక్కకు తీసుకురా. 1668లో ఆయన చేసిన టెలిస్కోపైనా, తమిళనాడులో కావలూరు టెలిస్కోపులోని 2.34 మీటర్ల అద్దమైనా చేసేది ఇదే పని, చుక్కల్ని నాభి దగ్గరికి దించడం.

ఇప్పుడు కార్డు పక్కన పెట్టి అద్దంలోకి నువ్వే చూడు. 10 సెంటీమీటర్ల దగ్గర నీ కన్ను రెట్టింపై, నిటారుగా, అద్దం వెనక 20 సెంటీమీటర్ల లోతున ఉన్నట్టుంటుంది. అది మిథ్యా ప్రతిబింబం, కార్డు మీద పట్టలేవు. మెల్లిగా వెనక్కి జరుగు. 20 దాటుతుంటే మొహం అలుక్కుపోతుంది. అది దాటితే "పెద్దది, తలకిందులు" అంటుంది పుస్తకం. నీకు కనిపించేది మాత్రం మసకే. ఎందుకంటే నువ్వు 30 దగ్గరుంటే నీ ప్రతిబింబం 60 దగ్గర, అంటే నీ తల వెనక ఏర్పడుతోంది. వీపు వెనకున్నదాన్ని ఎవరు చూడగలరు? అదే 30 దగ్గర కొవ్వొత్తి పెట్టి, అద్దాన్ని కాస్త వాల్చి, 60 దగ్గర కార్డు పట్టుకో. రెట్టింపు మంట తలకిందులుగా పడుతుంది. పుస్తకం అబద్ధం చెప్పలేదు, నువ్వు నిలబడ్డ చోటే వేరు.

40 దగ్గర ప్రతిబింబం సరిగ్గా నీ కంటి మీదకే వస్తుంది, అద్దమంతా ఒకటే మసక. అది దాటగానే మొహం తిరగబడుతుంది కానీ కంటికి మరీ దగ్గర కాబట్టి ఇంకా తేటపడదు. 60కి వచ్చావంటే అద్దానికీ నీ కంటికీ సరిగ్గా మధ్యలో, సగం సైజులో, గాలిలో వేలాడుతూ కనిపిస్తుంది. వేలు చాపి తాకబోతావు. నేను తాకబోయాను, ఈ వయసులో.

ఈ మసక సంగతి నీ పట్టికలో లేదు. నీ వ్యాసం అక్కణ్ణుంచి మొదలవ్వాలి.

కుంభాకారం గురించి రెండు మాటలు చాలు. కాలవ గట్టు రోడ్ల మలుపుల్లో పెట్టే గుండ్రటి అద్దంలో బస్సు "దూరంగా ఏర్పడుతుంది" అని రాశావు, అది దిద్దుకో. ప్రతిబింబం అద్దం వెనక నాభ్యంతరం దాటి ఎప్పుడూ పోదు. చిన్నగా ఉంది కాబట్టి బస్సు ఇంకా దూరంలో ఉందని మనమే మోసపోతాం.

"ఏర్పడును"లన్నీ తీసెయ్యి. అద్దాన్ని సూర్యుడి వైపు తిప్పొద్దని మాత్రం తప్పకుండా రాయి. కాగితం అంటుకుంటుంది, కళ్లకు ప్రమాదం.

ఇంకొకటి. సగం అద్దానికి నల్లకాగితం అంటించి మళ్లీ కొబ్బరితోట చూడు. సగం తోట పోతుందనుకుంటాం. పోదు. తోటంతా ఉంటుంది, వెలుతురే సగమవుతుంది. ఎందుకో నీ మాటల్లో రాసి పంపు. శనివారం రాజమండ్రి వెళ్తున్నాను, సోమవారం తర్వాత అందితే చాలు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు