చివరి ముక్క కలిసేదాకా డేటాబేస్ తెరవొద్దు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో సగానికి పైగా ఒకటే గోల. ఫుల్ బ్యాకప్ (మొత్తం డేటా కాపీ) ఉంది, దాని మీద రోజూ తీసిన ఇంక్రిమెంటల్స్ (ముందు బ్యాకప్ తర్వాత మారినవి మాత్రమే) ఉన్నాయి, అన్నీ జాగ్రత్తగా కొత్త మెషీన్ మీదికి కాపీ చేశాం, తీరా రిస్టోర్ చేయబోతే మధ్యలో మొండికేస్తోంది. అందుకని కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేస్తున్నాను. డేటాబేస్ పేరు మారుతుంది, కమాండ్ మారుతుంది, జనం పడే గొయ్యి మాత్రం మారదు.

ప్రశ్న: మైఎస్‌క్యూఎల్ 8.0 వాడుతున్నాం. ఆదివారం ఎక్స్‌ట్రాబ్యాకప్ అనే టూల్‌తో ఫుల్, మిగతా రోజులు ఇంక్రిమెంటల్. కొత్త సర్వర్ మీద ఫుల్‌ని ప్రిపేర్ చేస్తే ఏ గొడవా లేకుండా అయిపోయింది. సోమవారం ఇంక్రిమెంటల్ కలపబోతే ఒప్పుకోవడం లేదు. ఫైల్ పాడైపోయిందంటారా? రెండు రోజులుగా నిద్ర లేదండీ.

జవాబు: ఫైల్‌కి ఏమీ కాలేదు, ముందు కాసేపు పడుకోండి. మీరు ఫుల్‌ని ప్రిపేర్ చేసేటప్పుడు అప్లై-లాగ్-ఓన్లీ అనే ఆప్షన్ ఇవ్వలేదు, అంతే.

ఎందుకంటే, డేటాబేస్ నడుస్తుండగానే ఎక్స్‌ట్రాబ్యాకప్ ఫైళ్లను కాపీ చేస్తుంది కాబట్టి, ఒక ఫైల్ పది గంటలకు ఉన్నట్టు, ఇంకోటి పదీ ఇరవైకి ఉన్నట్టు వస్తాయి. ప్రిపేర్‌లో రెండు పనులు జరుగుతాయి: లాగ్ (మార్పుల చిట్టా) ఆధారంగా అన్నిటినీ ఒకే క్షణానికి తీసుకురావడం మొదటిది, అప్పటికి కమిట్ కాని, అంటే ఇంకా ఖాయం కాని ట్రాన్సాక్షన్లను వెనక్కి తీసేయడం రెండోది. ఈ రెండోదే మీ కొంప ముంచింది. లెక్కల పుస్తకంలో ఎవరో పద్దు సగం రాస్తుండగా మీరు జిరాక్స్ తీశారనుకోండి. మిగతా సగం మర్నాటి పేజీలో ఉంది. ఆ సగం పద్దును మీరు ఇవాళే కొట్టేస్తే రేపటి పేజీ దేనికి అతుక్కుంటుంది? అప్లై-లాగ్-ఓన్లీ అంటే 'లాగ్ వరకు కలుపు, సగం పద్దుల జోలికి పోకు' అని చెప్పడమే. ఫుల్‌కి అది ఇవ్వాలి, చివరిది తప్ప మిగతా ఇంక్రిమెంటల్స్ అన్నిటికీ ఇవ్వాలి. చివరిదానికి మాత్రం వదిలేయొచ్చు, అప్పుడు సగం పద్దుల సంగతి అదే చూసుకుంటుంది.

ఇప్పుడేం చేయాలంటారా? ప్రిపేర్ చేయడం బ్యాకప్ ఫోల్డర్‌నే మార్చేస్తుంది కాబట్టి ఆ కాపీ ఇక ఇంక్రిమెంటల్స్‌కి పనికిరాదు. పాత సర్వర్‌లోనో, స్టోరేజీలోనో ముట్టుకోని అసలు ఫుల్ ఉంటుంది కదా, దాన్ని మళ్లీ తెచ్చుకుని మొదటి నుంచి మొదలుపెట్టండి. అసలుని ఎప్పుడూ ముట్టుకోవద్దు, కాపీ మీదే పని చేయండి. డిస్క్‌లో చోటు లేదని ఉన్న ఒక్కదాని మీదే ప్రిపేర్ చేసేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

మొదలుపెట్టే ముందు ఐదు నిమిషాల పని ఒకటుంది. ప్రతి బ్యాకప్ ఫోల్డర్‌లో ఎక్స్‌ట్రాబ్యాకప్ చెక్‌పాయింట్స్ అని చిన్న టెక్స్ట్ ఫైల్ ఉంటుంది, తెరిచి చూడండి. అందులో ఫ్రమ్ ఎల్‌ఎస్‌ఎన్, టు ఎల్‌ఎస్‌ఎన్ అని రెండు అంకెలు కనిపిస్తాయి. ఎల్‌ఎస్‌ఎన్ అంటే లాగ్‌లో స్థానం చెప్పే నంబర్. ఉదాహరణకి ఫుల్‌లో 0 నుంచి 48210733 దాకా అని ఉంటే, సోమవారం దాంట్లో ఫ్రమ్ దగ్గర సరిగ్గా 48210733 ఉండాలి. సోమవారం టు 61957204 అయితే మంగళవారం ఫ్రమ్ కూడా అదే. రైలు పెట్టెల కొక్కేల్లాగా ఒకదానికొకటి తగలాలి. ఎక్కడైనా తగల్లేదంటే మధ్యలో ఒక రోజు ఫోల్డర్ కాపీ కాలేదన్నమాట, లేదా ఎవరో వేరే ఫుల్ మీద తీశారన్నమాట. అన్ని రోజుల్లోనూ ఫ్రమ్ దగ్గర ఫుల్ అంకే కనిపిస్తే మాత్రం మీ స్క్రిప్ట్ ప్రతిసారీ ఫుల్‌నే ఆధారంగా పెట్టుకుంటోందని అర్థం, అప్పుడు చివరి ఇంక్రిమెంటల్ ఒక్కటి కలిపితే చాలు. అదే ఫైల్‌లో బ్యాకప్ టైప్ అనే లైను కూడా చూడండి. లాగ్-అప్లైడ్ అని ఉంటే ఇంకా కలపొచ్చు, ఫుల్-ప్రిపేర్డ్ అని ఉంటే తలుపు మూసేశారు.

ఇంక్రిమెంటల్ ఫోల్డర్‌లో డెల్టా అని తోక ఉన్న ఫైళ్లు ఉంటాయి, వాటిని చేత్తో డేటా ఫోల్డర్‌లోకి కాపీ చేసేవాళ్లు కూడా ఉన్నారు. అవి మారిన పేజీలు మాత్రమే, వాటంతట అవి టేబుళ్లు కావు.

అంతా కలిశాక కాపీ-బ్యాక్, అంటే తయారైన ఫైళ్లను డేటా ఫోల్డర్‌లోకి తేవడం. డేటా ఫోల్డర్ ఖాళీగా ఉండాలి, సర్వర్ ఆగి ఉండాలి. కాపీ అయ్యాక ఫైళ్లకి ఓనర్‌గా మైఎస్‌క్యూఎల్ యూజర్‌ని మీరే పెట్టాలి, అది మర్చిపోయి 'స్టార్ట్ కావడం లేదు' అని రాసేవాళ్లే నాకు ఎక్కువ. డేటా ఫోల్డర్‌ని మామూలు చోట కాకుండా వేరే పాత్‌లో పెడితే ఎస్‌ఈలినక్స్ లేదా యాప్‌ఆర్మర్ అనే లినక్స్ కాపలా కూడా అడ్డుపడుతుంది. టేబుల్ పేర్లలో చిన్న, పెద్ద అక్షరాల తేడా చూసే సెట్టింగ్ పాత సర్వర్‌లో ఎలా ఉందో ఇక్కడా అలాగే ఉండాలి, 8.0లో దాన్ని డేటా ఫోల్డర్ మొదటిసారి తయారైనప్పుడే ఖాయం చేస్తారు, తర్వాత మార్చలేరు. ఎక్స్‌ట్రాబ్యాకప్ వెర్షన్ కూడా జతపడాలి: 8.0కి 8.0, 5.7కి 2.4.

ప్రశ్న: ఎస్‌క్యూఎల్ సర్వర్. ఫుల్ రిస్టోర్ అయింది, డేటాబేస్ తెరుచుకుంది కూడా. తర్వాత డిఫరెన్షియల్ వేయబోతే ఎర్రర్ 3117. ఇంకో సర్వర్ మీద ఇదే పని చేస్తే 3136 వచ్చింది. రెండూ ఒకటేనా?

జవాబు: కాదు. 'తెరుచుకుంది కూడా' అని సంతోషంగా రాశారు చూశారా, మొదటి ఎర్రర్ అదే. పై ప్రశ్నలో జరిగిందే ఇక్కడా జరిగింది. రిస్టోర్ చేసేటప్పుడు ఏమీ చెప్పకపోతే ఎస్‌క్యూఎల్ సర్వర్ డీఫాల్ట్‌గా రికవరీ చేసేసి డేటాబేస్‌ని తెరిచేస్తుంది. తెరిచాక మరి ఏదీ కలపనివ్వదు, 3117 చెప్పేది అదే. ఫుల్‌కి నోరికవరీ ('ఇప్పుడే తెరవకు' అనే ఆప్షన్) ఇవ్వండి, డిఫరెన్షియల్‌కి నోరికవరీ ఇవ్వండి, లాగ్ బ్యాకప్‌లు ఒక్కోటీ వరసగా నోరికవరీతోనే వేసుకుంటూ పోండి. డేటాబేస్ పేరు పక్కన 'రిస్టోరింగ్' అని కనిపిస్తూ ఉంటుంది, ఇరుక్కుపోయిందేమో అని కంగారుపడొద్దు, అలాగే ఉండాలి. అన్నీ అయ్యాక ఒక్కసారి రికవరీ.

ఇక్కడ డిఫరెన్షియల్ అంటే చివరి ఫుల్ తర్వాత మారినదంతా. కాబట్టి వారంలో ఆరు డిఫరెన్షియల్స్ ఉన్నా ఆఖరిదొక్కటే చాలు, దాని తర్వాతి లాగ్‌లు కావాలి.

3136 వేరే కథ. ఆ డిఫరెన్షియల్‌కి ఆధారమైన ఫుల్ ఇది కాదు అంటోంది. దాదాపు ప్రతిసారీ తేలేదేమిటంటే, వారం మధ్యలో ఎవరో డెవలపర్ టెస్టింగ్‌కి కావాలని విడిగా ఒక ఫుల్ బ్యాకప్ తీసుకుని, పని అయ్యాక డిలీట్ చేసుంటారు. ఆ క్షణం నుంచి తర్వాతి డిఫరెన్షియల్స్ అన్నీ ఆ పోయిన ఫుల్ మీదే ఆధారపడ్డాయి. అది దొరక్కపోతే ఆ డిఫరెన్షియల్స్‌ని మర్చిపోండి. లాగ్ బ్యాకప్‌లు తెగకుండా ఉంటే మాత్రం ఆశ ఉంది, ఆదివారం ఫుల్ మీద లాగ్‌లన్నీ వరసగా వేసుకుంటూ రావచ్చు, మధ్యలో తీసిన ఫుల్ వల్ల లాగ్‌ల వరస తెగదు. ఇక ముందు అలాంటి విడి బ్యాకప్‌లన్నీ కాపీ-ఓన్లీ ఆప్షన్‌తోనే తీయమని అందరికీ చెప్పండి, వీలైతే ఆ పర్మిషనే తీసేయండి.

కొత్త సర్వర్‌లో డ్రైవ్‌లు పాతవాటిలా ఉండవు కాబట్టి ముందు రిస్టోర్ ఫైల్‌లిస్ట్‌ఓన్లీ నడిపి లోపల ఏ ఫైళ్లున్నాయో చూసుకుని, మూవ్‌తో ఒక్కోదానికీ కొత్త పాత్ ఇవ్వండి. డేటాబేస్ తెరుచుకున్నా యూజర్లు లాగిన్ కాలేకపోతే, లాగిన్లు మాస్టర్ డేటాబేస్‌లో ఉంటాయి, మీతో రాలేదు. అదే పేరుతో కొత్తగా లాగిన్ చేసినా లోపలి ఐడీ వేరు కాబట్టి యూజర్‌ని దానికి మళ్లీ ముడిపెట్టాలి. డేటాబేస్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంటే పాత సర్వర్ సర్టిఫికెట్, దాని ప్రైవేట్ కీ లేకుండా ఒక్క అడుగు కూడా పడదు. ఇంకోటి, 2019 వెర్షన్‌లో తీసినది 2017 వెర్షన్ మీద ఎక్కదు, పైకే గానీ కిందికి దారి లేదు.

ప్రశ్న: ఒరాకిల్‌లో లెవల్ 1 బ్యాకప్‌లను రిస్టోర్ చేసే కమాండ్ ఏది? ఎంత వెతికినా దొరకలేదు.

జవాబు: లేదు కాబట్టి దొరకలేదు. ఒరాకిల్ బ్యాకప్ టూల్ ఆర్‌మ్యాన్‌లో రిస్టోర్ డేటాబేస్ అంటే లెవల్ 0 (ఆధారమైన పూర్తి బ్యాకప్) దిగుతుంది, రికవర్ డేటాబేస్ అంటే లెవల్ 1లు (ఇంక్రిమెంటల్స్) ఏవి కావాలో తనే ఎంచుకుని కలిపి, ఆ తర్వాత ఆర్కైవ్ లాగ్‌లు (దాచిపెట్టిన మార్పుల చిట్టాలు) వేస్తుంది. మీ పని దానికి బ్యాకప్‌లు ఎక్కడున్నాయో చెప్పడమే. కొత్త మెషీన్‌లో కంట్రోల్ ఫైల్ (డేటాబేస్‌లో ఏ ఫైళ్లున్నాయో రాసి ఉండేది) రిస్టోర్ చేసి మౌంట్ అయ్యాక, క్యాటలాగ్ స్టార్ట్ విత్ అని ఫోల్డర్ పాత్ ఇవ్వండి. కంట్రోల్ ఫైల్‌ని ఆటోబ్యాకప్ నుంచి తెచ్చుకోవడానికి డీబీఐడీ (డేటాబేస్ గుర్తింపు నంబర్) అడుగుతుంది, ఎక్కడా రాసిపెట్టుకోకపోతే ఆటోబ్యాకప్ ఫైల్ పేరు చూడండి, డీఫాల్ట్ పేరు అయితే మొదట్లోనే సి అక్షరం తర్వాత వచ్చే పెద్ద అంకె అదే. పాత్‌లు వేరైతే సెట్ న్యూనేమ్ ఇచ్చి, రిస్టోర్ తర్వాత స్విచ్ డేటాఫైల్ ఆల్.

చివర్లో ఆర్‌మ్యాన్-06054 అని ఎర్రర్ వస్తే గుండె జారుతుంది. ఫలానా నంబర్ లాగ్ కావాలి, నా దగ్గర లేదు అంటోందంతే. మీ దగ్గరున్న చివరి లాగ్ దాని ముందు నంబరే అయితే అంతా సవ్యంగా జరిగినట్టు. కాకపోతే ఆగండి, మిగతా లాగ్‌లు తెచ్చుకోండి. ఎందుకంటే తర్వాత చేసేది ఓపెన్ రీసెట్‌లాగ్స్, అంటే లాగ్ నంబర్లను కొత్తగా మొదలెట్టి తెరవడం, అది కొట్టాక మరో లాగ్ కలపాలంటే మళ్లీ లెవల్ 0 దగ్గర నుంచి మొదలెట్టాలి. అన్నట్టు, ఆర్‌మ్యాన్‌లో ఫుల్ అని తీసిన బ్యాకప్ లెవల్ 1కి ఆధారం కాదు, లెవల్ 0 అని తీసినదే ఆధారం. లోపల ఉండేవి అవే బ్లాకులైనా సరే.

ప్రశ్న: పోస్ట్‌గ్రెస్‌లో ఇంక్రిమెంటల్ ఉందా లేదా? ఒకరు ఉందంటారు, ఒకరు లేదంటారు.

జవాబు: ఇద్దరూ నిజమే చెప్పారు. 2024లో వచ్చిన 17వ వెర్షన్ నుంచి సొంతంగా ఉంది. అంతకు ముందు ఫుల్ బేస్ బ్యాకప్ మీద వాల్ ఫైళ్లు (పోస్ట్‌గ్రెస్ మార్పుల లాగ్) ఆడించడమో, పీజీబ్యాక్‌రెస్ట్ లాంటి విడి టూల్స్ వాడడమో చేసేవాళ్లు. 17లో ముందుగా సమ్మరైజ్ వాల్ సెట్టింగ్ ఆన్ చేసి ఉండాలి. రిస్టోర్‌కి పీజీ కంబైన్‌బ్యాకప్ అనే ప్రోగ్రామ్‌కి ఫుల్‌తో మొదలుపెట్టి పాతది నుంచి కొత్తదాకా అన్ని ఫోల్డర్లూ వరసగా ఇస్తే, వేరే కొత్త ఫోల్డర్‌లో ఒక పూర్తి బ్యాకప్ తయారుచేస్తుంది. పాతవి చెక్కుచెదరవు, ఈ పద్ధతి నాకు బాగా నచ్చింది. అది గొలుసు సరిగా ఉందో లేదో చూస్తుంది గానీ ఒక్కో ముక్క లోపల బాగుందో లేదో చూడదు, దానికి ముందే ఒక్కో ఫోల్డర్ మీదా పీజీ వెరిఫైబ్యాకప్ నడపండి.

వేరే మెషీన్ మీదికి రిస్టోర్ చేసేవాళ్లకి ఒక పాత దెబ్బ చెప్పాలి. లినక్స్‌లో జీలిబ్‌సీ అనే సిస్టమ్ లైబ్రరీ 2.28 వెర్షన్ నుంచి అక్షరాల వరస క్రమం మారింది. పాత లినక్స్ మీది ఫైళ్లను అలాగే కొత్త లినక్స్ మీద పెడితే డేటాబేస్ చక్కగా స్టార్ట్ అవుతుంది, ఎర్రర్ ఏమీ రాదు, కానీ టెక్స్ట్ కాలమ్‌ల మీది ఇండెక్స్‌లు పాత వరసలో ఉంటాయి. ఉన్న పేరునే వెతికితే లేదంటుంది. అలా మారితే ఆ ఇండెక్స్‌లను రీఇండెక్స్ చేశాకే ఎవరికైనా అప్పజెప్పండి.

ప్రశ్న: రోజూ బ్యాకప్ సక్సెస్ అని మెయిల్ వస్తోంది. ఇంకో మెషీన్ మీద రిస్టోర్ చేసి చూడడానికి మా మేనేజర్ టైమ్ ఇవ్వడం లేదు. ఏం చెప్పమంటారు?

జవాబు: 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే కోడ్ దాచుకునే సైట్‌లో జరిగింది చెప్పండి, వాళ్లే దాచకుండా బయటపెట్టారు. పొరపాటున అసలు డేటాబేస్ ఫోల్డర్‌నే డిలీట్ చేశారు, సరే బ్యాకప్ ఉంది కదా అని చూస్తే స్టోరేజీ ఖాళీ. సర్వర్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ తీసే ప్రోగ్రామ్ 9.2, అందుకని అది రోజూ ఫెయిల్ అవుతూనే ఉంది, ఫెయిలైందని చెప్పే మెయిల్ కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ ఆరు గంటల క్రితం ఎవరో చేత్తో తీసిన స్నాప్‌షాట్ దొరికింది.

టైమ్ ఇచ్చాక రిస్టోర్ ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి రాసుకోండి, ఏదైనా జరిగిన రోజున మీ మేనేజర్ మొదట అడిగేది అదే. తెరిచాక టేబుల్ లెక్కలు చూసి ఊరుకోకుండా, చివరి ఇంక్రిమెంటల్ తీసే ముందు పడిన ఒక రికార్డ్‌ని వెతికి చూడండి, అది ఉంటేనే గొలుసు చివరిదాకా కలిసినట్టు.

ఒక్క జాగ్రత్త, ఇది నా చేతులు కాలాక తెలిసింది. ఒకసారి ఇలాగే టెస్ట్ మెషీన్ మీద రిస్టోర్ చేసి, బాగా తెరుచుకుందని ఇంటికి వెళ్లిపోయాను. డేటాబేస్ లోపలున్న షెడ్యూల్ జాబ్‌లకి తాము టెస్ట్ మెషీన్‌లో ఉన్నామని ఎలా తెలుస్తుంది? అర్ధరాత్రి లేచి తమ పని తాము చేసుకుపోయాయి, పొద్దున్నకల్లా కస్టమర్లందరికీ బిల్లు గుర్తుచేసే మెయిల్ రెండోసారి వెళ్లింది. మైఎస్‌క్యూఎల్ 8.0లో ఈవెంట్ షెడ్యూలర్ డీఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, స్టార్ట్ చేయకముందే కాన్ఫిగ్‌లో ఆఫ్ చేయండి. ఒరాకిల్ అయితే ఓపెన్‌కి ముందు జాబ్ క్యూ ప్రాసెసెస్‌ని 0 చేయండి. ఆ మెషీన్ నుంచి మెయిల్ సర్వర్‌కి దారి లేకుండా చూసుకోండి.