డిశ్చార్జి అయ్యేలోపే ఆ పరిచయం జరగాలి

మీ తమ్ముడు తాగుడు మాన్పించే వార్డులో ఉన్నాడని, వచ్చే వారం డిశ్చార్జి అని రాశారు. మందులు ఇస్తూనే డాక్టరు గారు ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ళు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులకు కూడా పంపమంటున్నారు, అదెందుకని మీ ప్రశ్న. అలాంటి వార్డులో రెండుసార్లు పడుకుని వచ్చినవాణ్ణి కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

మొదటిసారి పది రోజులున్నాను. చేతుల వణుకు తగ్గింది, నిద్ర పట్టింది. వచ్చేసేటప్పుడు మందుల చీటీతో పాటు మీటింగు అడ్రసు రాసిన కాగితం ఒకటి ఇచ్చారు. చొక్కా జేబులో పెట్టుకున్నాను. చొక్కా ఉతుకులో పడింది, కాగితం ముద్దయింది. నెల తిరక్కుండానే మళ్ళీ మొదలుపెట్టాను.

రెండోసారి నర్సు నన్ను ముందే అడిగి, ఏఏ సభ్యుడైన ఒకాయన్ని మంచం దగ్గరికి తీసుకొచ్చింది. ఇక క్లాసు పీకుతాడనుకున్నా. ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "పొద్దున మొదటి గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడివా?" అన్నాడు. ఆ సంగతి మా ఆవిడకి కూడా తెలీదు. డిశ్చార్జి రోజు సాయంత్రం తనే వచ్చి మీటింగుకు తీసుకెళ్ళాడు. ఒక్కణ్ణే అయితే ఆ గుమ్మం దాకా వెళ్ళి తిరిగొచ్చేసేవాణ్ణి.

నా ఒక్కడి అనుభవమే కాదండీ. 1981లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది, మొత్తం 20 మందే. సగం మందికి మీటింగు వివరాలు చెప్పి వెళ్ళమన్నారు. మిగతా సగం మందిని అక్కడికక్కడే ఒక ఏఏ సభ్యుడితో ఫోన్లో మాట్లాడించి, తోడుగా తీసుకెళ్ళే ఏర్పాటు చేశారు. రెండో గుంపులో అందరూ వెళ్ళారు, మొదటి గుంపులో ఒక్కరూ వెళ్ళలేదు.

అసలు ఏఏ పుట్టుకలోనే డాక్టరున్నాడు. 1935లో అమెరికాలోని ఏక్రన్‌లో దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన డాక్టర్ బాబ్ స్వయంగా సర్జన్, స్వయంగా తాగుబోతు. 1939 నుంచి ఆ ఊరి సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియాతో కలిసి తాగుడు రోగులను చేర్చుకుని చూశాడు.

ఎవరి పని వాళ్ళది. ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత మతి తప్పే స్థితి కూడా రావచ్చు. ప్రాణం మీదికొచ్చే విషయం. అక్కడ మీటింగు ఏం చేస్తుంది? డాక్టరే కావాలి. రాత్రి పదకొండింటికి మనసు లాగుతుంటే మాత్రం ఓపీ తెరిచి ఉండదు, నేను ఫోన్ చేసేది నన్ను మీటింగుకు తీసుకెళ్ళిన ఆయనకే.

గొడవలు లేకపోలేదు. ఒక సభ్యుడు నాతో "ఆ మాత్రలూ మత్తే, ఆపెయ్" అన్నాడు. టెన్షన్ పడి రెండు రోజులు ఆపేశాను కూడా. డాక్టరు చీవాట్లు పెట్టారు. తర్వాత తెలిసింది, మందుల విషయం డాక్టరుకే వదలాలని, సభ్యులెవరూ వైద్యం చెప్పకూడదని ఏఏ వాళ్ళ సొంత పుస్తకాల్లోనే ఉందట. ఈ ముక్క మీ తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి.

ఇంకోటి, ఏఏ ఏ ఆసుపత్రికీ అనుబంధం కాదు. సహకరిస్తారు, అంతే. ఫీజు లేదు, పేర్ల రిజిస్టరు లేదు. "మావాడు వస్తున్నాడా" అని మీరడిగినా, డాక్టరడిగినా చెప్పరు. మొదట్లో మా ఆవిడకి ఇది అస్సలు నచ్చలేదు. ఆమె తర్వాత ఇంట్లోవాళ్ళ కోసం ఉండే అల్-అనాన్‌కి వెళ్ళింది. అందులో మీరూ చేరవచ్చు, తమ్ముడు మానేదాకా ఆగక్కర్లేదు.

రేపే వార్డులో కౌన్సెలర్‌నో నర్సునో అడగండి: "డిశ్చార్జికి ముందు ఏఏ నుంచి ఎవరైనా వచ్చి మావాడితో మాట్లాడతారా?" అని. అలాంటి ఏర్పాటు లేదంటే, తమ్ముడు సరేనంటే మీరే ఏఏ ఫోన్ నంబరు కనుక్కుని, విజిటింగ్ టైములో ఒకరిని రమ్మనండి. సాధారణంగా వస్తారు.