‘ఆ గడప తొక్కను’ అని ప్రమాణం చేశాను, ఇప్పుడు అమ్మ పిలుస్తోంది

ప్రశ్న: నాన్న ఆస్తి దగ్గర అన్నయ్యతో గొడవైంది. కోపంలో ‘అల్లాహ్ సాక్షిగా మీ గడప తొక్కను, నా పిల్లల మీద ఒట్టు’ అనేశాను. రెండేళ్లయింది. అమ్మ అక్కడే మంచాన పడింది, నన్ను అడుగుతోందట. వెళ్తే పిల్లలకేమైనా అవుతుందేమోనని భయం. మూడు రోజాలు (ఉపవాసాలు) ఉంటే సరిపోతుందని ఎవరో అన్నారు. ఏం చేయను?

జవాబు: వెళ్లండి సోదరీ. వీలైతే ఈ రోజే.

మంచి పనులకూ, మనుషుల్ని కలపడానికీ అల్లాహ్ పేరిట చేసిన ప్రమాణాలను అడ్డు పెట్టుకోవద్దని ఖురాన్ (2:224) చెబుతోంది. ప్రవక్త (స) సన్నిహిత సహచరుడు హజ్రత్ అబూబక్ర్ (రజి) సంగతే చూడండి. మిస్తహ్ ఆయనకు పేద బంధువు. ఆయన ఇచ్చే డబ్బుతోనే బతికేవాడు. అలాంటివాడు ఆయన కూతురు, ప్రవక్త (స) భార్య ఆయిషా (రజి) శీలం మీద వేసిన నిందలో గొంతు కలిపాడు. మీ అన్నయ్య మాట కంటే అది చిన్న గాయమా? ఇక పైసా ఇవ్వనని అబూబక్ర్ ప్రమాణం చేశారు. అప్పుడు ఖురాన్‌లోని నూర్ సూరా (అధ్యాయం)లో 22వ ఆయత్ (వాక్యం) దిగింది: ‘అల్లాహ్ మిమ్మల్ని క్షమించాలని మీరు కోరుకోరా?’ కోరుకుంటానంటూ ఆయన ఆ సాయం మళ్లీ మొదలుపెట్టారు.

ప్రమాణం చేశాక దానికంటే మంచిది కనిపిస్తే, ఆ మంచిదే చేసి, ప్రమాణం తప్పినందుకు కఫ్ఫారా (పరిహారం) చెల్లించమన్నారు ప్రవక్త (స). కఫ్ఫారా అంటే పదిమంది పేదలకు మీ ఇంట్లో మామూలుగా తినే స్థాయి భోజనం, లేదా బట్టలు (5:89). అందుకు స్తోమత లేనివాళ్లకే మూడు రోజాలు. మీకు పెట్టగలిగే శక్తి ఉంటే రోజాలతో సరిపెట్టుకోకండి. ముందు వెళ్లి రండి, తర్వాత కఫ్ఫారా ఇవ్వండి.

పిల్లలకేమీ కాదు. ఆ భయం తీసేయండి. అల్లాహ్ పేరు మీద తప్ప దేనిమీదా ప్రమాణం చేయకూడదు. పిల్లల మీద ఒట్టు వేయడమే పొరపాటు. తౌబా చేసుకోండి (పశ్చాత్తాపపడి అల్లాహ్‌ను క్షమాపణ అడగండి), దానికి వేరే కఫ్ఫారా లేదు.

నాన్న ఆస్తిలో కూతురి వాటా ఖురాన్ నిర్ణయించిన హక్కు. అక్కడికి వెళ్లినంత మాత్రాన అది వదులుకున్నట్టు కాదు. కానీ ఆ రోజు ఆ మాట ఎత్తకండి. తలుపు దగ్గర అన్నయ్య ఎదురైతే ఆయన పలకరించేదాకా చూడకుండా మీరే ముందు సలాం చెప్పి, నేరుగా అమ్మ మంచం దగ్గరికి వెళ్లండి.