నేపియర్ పీకే ముందు రిపోర్టు ఇంకోసారి చూడండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది బెంగళూరు పక్కన హోస్కోటె దగ్గర, నాలుగు హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) పాడి ఆవులున్నాయి. అరెకరంలో కో-4 రకం నేపియర్ పశుగ్రాసం వేశా, నాటే కణుపులు మదనపల్లెలో మా బావ దగ్గర తెచ్చినవే. ఇద్దరం గడ్డి టెస్ట్ చేయిస్తే ఆయనకి ప్రోటీన్ 9 వచ్చింది, నాకేమో 1.4! రిపోర్టు ఫొటో పంపిస్తున్నా. బాగా ఎత్తు రానిచ్చి రెండున్నర నెలలకి కోస్తా. ఇది పీకేసి సూపర్ నేపియర్ అనే ఇంకో రకం వేయమంటున్నారు, వేయమంటారా? ఒకావు మూడుసార్లు తిరగపొర్లింది (చూలు కట్టక మళ్లీ ఎదకొచ్చింది) కూడా.

జవాబు: పీకొద్దండీ, దయచేసి. మీ రిపోర్టులో కింద తేమ 80 శాతం అని ఉంది చూడండి, అంటే వంద కిలోల పచ్చిగడ్డిలో ఎండు పదార్థం 20 కిలోలే, ఆ 1.4 మొత్తం అందులోనే ఉంది, లెక్కేస్తే 7 శాతం. మీ బావగారి 9 ఎండు లెక్కలో ఇచ్చింది, మీది పచ్చి లెక్కలో ఇచ్చారు, అంతే. ఈ ఒక్క తేడా తెలియక ఎంతమంది మంచి గడ్డి దున్నేసుకున్నారో, చూస్తే బాధేస్తుంది.

ఇక 9కీ 7కీ మధ్య తేడా మాత్రం నిజమైనదే, అది చాలావరకు కోతలో ఉంది. నేపియర్ ముదిరేకొద్దీ ఆకు తగ్గి కాడ పెరుగుతుంది, పీచు ఎక్కువై ప్రోటీన్ పడిపోతుంది. మొదటి కోత తర్వాత 45 రోజులకోసారి కోయండి. ఆవు 30 కిలోలు తింటే లోపలికెళ్లే ఎండు మేత 6 కిలోలు, 9 శాతమైతే 540 గ్రాముల ప్రోటీన్, 7 అయితే 420. పదిహేను లీటర్ల పాలలోనే దాదాపు 480 గ్రాములు బయటికి పోతుంది కదా! పైగా 7 కంటే దిగితే పొట్టలో సూక్ష్మజీవులకే నైట్రోజన్ చాలదు, అప్పుడు ఎంత మేసినా సరిగ్గా అరగదు. సూపర్ నేపియర్ వేసినా రెండున్నర నెలలు ఉంచితే ఇదే కథ. దాని బదులు గట్ల మీద హెడ్జ్ లూసర్న్ (పప్పుజాతి పశుగ్రాసం) పెట్టండి, మధ్యలో అలసంద వేసుకోండి, వీటిలో ప్రోటీన్ 16 నుంచి 20 దాకా ఉంటుంది.

ఖనిజాల సంగతి వేరు, ఇక్కడ నేలని బట్టి తేడా వస్తుంది. నేలలో లేనిది గడ్డిలోకి రాదు, అందుకే ఒకే కణుపు రెండు ఊళ్లలో రెండు రకాల మేత అవుతుంది, మన ఎర్రనేలల్లో భాస్వరం, జింక్ తక్కువపడటం మామూలే. నేపియర్‌లో ఆక్సలేట్ ఉండి కాల్షియంని పట్టేసుకుంటుంది కాబట్టి రిపోర్టులో కనపడిన కాల్షియం అంతా ఆవుకి అందదు. పైన చెప్పిన పప్పుజాతి మేతల్లో కాల్షియం ఎక్కువే కానీ భాస్వరం తక్కువ, ఆ లోటు తవుడు తీరుస్తుంది. ఏరియాని బట్టి మినరల్ మిక్స్చర్ కలిపే విషయంలో మన బెంగళూరు ఆడుగోడిలో ఉన్న జాతీయ పశు పోషణ సంస్థ చాలా పని చేసింది, మీ వైపు నేలకి సరిపోయేదే అడిగి తీసుకోండి.

తిరగపొర్లడానికి ఖనిజాల లోటు ఒక కారణం కావచ్చు, గర్భాశయంలో ఇన్ఫెక్షన్ కూడా కావచ్చు, మిక్స్చర్ పెట్టేశాం కదా అని ఊరుకోకుండా డాక్టర్‌తో చెక్ చేయించండి.

ఈసారి 45 రోజుల కోతలో నాలుగు చోట్ల నుంచి తీసి, మట్టి దులిపి, చాఫ్ కట్టర్‌లో వేసి కలిపి ఒక కిలో పంపండి. మట్టి అంటితే ఐరన్ ఎక్కువ చూపిస్తుంది. కవరు మీద ఎన్ని రోజుల కోతో రాసి, ఎండు లెక్కలోనే ఇమ్మని అడగండి.