బ్యాకప్ చేయాలా, చేసుకోవాలా, తీసుకోవాలా?

సందేహం: మా తమ్ముడిది సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం. ఫోన్లో ఫొటోలు పోయాయని తరచూ గొడవలు వస్తుంటే, గోడకు అంటించమని ఈ కాగితం రాసిచ్చాను: ‘గమనిక: ఫోన్ మరమ్మత్తుకు ఇచ్చే ముందు మీ డేటాను కంప్యూటర్‌కు బ్యాకప్ చేయండి. డేటా పోయిన యెడల మేము బాధ్యులు కాదు.’ అది చూసిన మాస్టారొకరు ‘డేటా’, ‘బ్యాకప్’ తెలుగు కాదని కొట్టేసి, ‘దత్తాంశమును ప్రతిభద్రత గావించుకొనవలెను’ అని దిద్దారు. ‘మరమ్మత్తు’ కూడా తప్పేనన్నారు. ఏది ఉంచాలి? బ్యాకప్‌కు మంచి తెలుగు మాట లేదా?
ఒక పాఠకుడు, తెనాలి

సమాధానం: ‘బ్యాకప్’ (ఫోన్లో ఉన్నవాటికి ఇంకోచోట పెట్టుకునే రెండో ప్రతి) ఉండనివ్వండి. ‘డేటా’ తీసేయండి, ఎందుకో కింద చెబుతాను. ‘చేయండి’ బదులు ‘చేసుకోండి’ రాయండి. ‘మేము బాధ్యులు కాదు’ అన్నది వ్యాకరణ దోషం. మాస్టారి ఎర్రసిరా నామవాచకాల దగ్గరే ఆగిపోయింది. ఈ కాగితంలో గొడవలు తెచ్చిపెట్టేవి క్రియలు.

ముందు ‘చేయండి’ సంగతి. మంగలి దుకాణంలో కూర్చుని ‘గడ్డం గీయండి’ అంటే గీసేది అవతలివాడు. ‘గీసుకోండి’ అంటే ఎవరి గడ్డం వాళ్లే. ఇలా ‘కొను’ చేరిన క్రియను ఆత్మార్థకం అంటారు. చేసినవాడికే పని ఫలం దక్కుతుందన్నమాట. మీ తమ్ముడి కౌంటరు దగ్గర ‘బ్యాకప్ చేయండి’ అనే మాట రెండు వైపుల నుంచీ వినిపిస్తుంది. ‘డిస్‌ప్లే మార్చండి, బ్యాకప్ చేయండి, సాయంత్రం వస్తాను’ అని ఫోనిచ్చేవాళ్లూ అంటారు. గోడమీద కూడా అదే ఉంటే పని ఎవరిదో తేలదు. ‘చేసుకోండి’ అన్నప్పుడు పూచీ ఫోను సొంతదారుది. దీనిమీద ఇంకో మెట్టుంది: ‘చేయించుకోండి’. పని ఇంకొకరి చేత, ఫలం మనకు. ఇంట్లో కంప్యూటరు లేనివాళ్లకు, టచ్ పనిచేయక లాక్ తీయలేనివాళ్లకు చెప్పాల్సింది ఈ మాటే. టచ్ పోయినా బొమ్మ కనిపిస్తుంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకు ఓటీజీ అడాప్టరుతో (ఫోను ఛార్జింగు రంధ్రానికి యూఎస్‌బీ పరికరాలు తగిలించే చిన్న ముక్కతో) మామూలు కంప్యూటరు మౌసు తగిలించవచ్చు. తెరమీద బాణం గుర్తు వస్తుంది, దాంతో లాక్ తీసి బ్యాకప్ కానివ్వవచ్చు. లాక్ తీయకుండా మాత్రం పని జరగదు. ఇప్పటి ఫోన్లలో ఉన్నదంతా ఎన్‌క్రిప్ట్ అయి, అంటే లాక్ తీస్తే తప్ప చదవలేని రహస్య రూపంలోకి మారి ఉంటుంది కాబట్టి మెమరీ చిప్పు ఊడదీసి మరోచోట పెట్టినా ఏమీ చదవలేం.

‘బ్యాకప్ తీసుకోండి’ అనవచ్చా అంటే, నిక్షేపంగా అనవచ్చు. నకలు తీయడం, ఫొటో తీయడం, జిరాక్సు తీయడం, ప్రింటు తీయడం... ఒకదాన్ని చూసి ఇంకొకదాన్ని పుట్టించే పనులకు తెలుగులో ‘తీయు’ ఎప్పటినుంచో ఉంది. బ్యాకప్ తనంతట తానే ఆ వరసలో చేరింది. కాకపోతే ఈ క్రియకు రెండు ముఖాలు. సిమ్ తీయడం, లాక్ తీయడం అన్నప్పుడు తొలగించడమని అర్థం. ‘బ్యాకప్ తీశాను’ అంటే నకలు సిద్ధంగా ఉంది. ‘బ్యాకప్ తీసేశాను’ అంటే ఉన్నదీ పోయింది! ‘ఫొటోలు కంప్యూటర్‌లోకి తీసేశాను’ అన్నవాడి ఫోన్లో ఇక ఫొటోలు లేవు. కాబట్టి ‘తీసుకోండి’ దగ్గర ఆగండి, తొందరలో ‘తీసేసుకోండి’ అని రాయకండి.

ఇప్పుడు ‘డేటా’. ఇంగ్లీషు మాటన్న కోపంతో తీసేయమనడం లేదు. మన జనం నోట ఈ మాటకు స్థిరపడిన అర్థం వేరు. ‘డేటా అయిపోయింది’, ‘రోజుకు 2 జీబీ డేటా’, ‘డేటా ఆన్ చెయ్యి’ అన్నప్పుడు డేటా అంటే నెట్టు. ‘డేటా పోయిన యెడల’ అని చదివిన మనిషి, మహా అయితే ఇవాళ్టి నెట్టు పోతుంది, పోనీలే అనుకోవచ్చు. మనవరాలి బారసాల ఫొటోలు ఆ మాటలో ఆయనకు కనిపించవు. మాస్టారి ‘దత్తాంశం’ తీసిపారేయదగ్గ మాట కాదు. లాటిన్‌లో డేటమ్ అంటే ఇవ్వబడినది, సంస్కృతంలో దత్తమూ అదే, తూకం సరిగ్గా సరిపోయింది. బడి లెక్కల పుస్తకాల్లో సగటు, మధ్యగతం కట్టేచోట దత్తాంశం హాయిగా ఇమిడిపోతుంది. దుకాణం గోడమీద మాత్రం పనికిరాదు. పోయేవాటిని పేరుపెట్టి రాయండి: ఫొటోలు, వీడియోలు, ఫోన్ నంబర్లు, వాట్సాప్ మెసేజీలు. నాలుగు మాటలు ఎక్కువైనా తగాదా తగ్గుతుంది.

బ్యాకప్‌కు తెలుగు మాట అడిగారు. ‘ప్రతిభద్రత’ను చదివే కన్ను ‘ప్రతిభ’ దగ్గర విరిచి ‘ద్రత’ ఏమిటని తడుముకుంటుంది. ఆ ఒక్కటి చాలు దాన్ని వదిలేయడానికి. ‘భద్రపరచు’ వాడుకలో ఉన్న మాటే, కానీ ఫోన్లోనే ఒక ఫోల్డరులో పెట్టుకున్నా భద్రపరచడమే అవుతుంది. బ్యాకప్‌కు ప్రాణం రెండో ప్రతి, రెండో చోటు. ‘దాచు’ అంటే కనపడకుండా చేయడమని కూడా అర్థముంది కాబట్టి అదీ చిక్కే. నా ఓటు ‘నకలు’కు. అరబ్బీ నుంచి ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చి ప్రభుత్వ కచేరీల్లో స్థిరపడ్డ మాట. పహాణీ నకలు, అడంగల్ నకలు అడగని రైతు ఉండడు. అసలు ఆఫీసులో ఉంటుంది, నకలు మన చేతికొస్తుంది. ‘నకిలీ’ దీని తోబుట్టువే అయినా చెడ్డపేరంతా అదే మోస్తోంది, నకలుకు మచ్చ అంటలేదు.

నకలు అన్న మాటలో అసలు ఉన్నచోటే ఉంటుందన్న హామీ ఉంది. ‘మార్చుకోండి’, ‘తరలించండి’, ‘పంపుకోండి’ అంటే ఆ హామీ పోతుంది. ‘కంప్యూటర్‌లోకి మార్చుకోండి’ అని చదివినవాళ్లు ఫోల్డరు పట్టుకుని కట్ కొట్టి పేస్ట్ కొడతారు. మధ్యలో కేబులు కదిలినా, కంప్యూటరు నిద్రలోకి జారినా కొన్ని ఫైళ్లు ఇటు, కొన్ని అటు, సగం రాసిన ఫైలు ఒకటి ఎటూ కాకుండా మిగులుతుంది. కాపీ కొట్టినవాళ్లకు ఆ బెడద లేదు, మళ్లీ మొదటినుంచి కాపీ చేసుకుంటే సరి. ‘సింక్’ను కూడా బ్యాకప్‌కు పర్యాయపదంగా వాడేస్తున్నారు. సింక్ అంటే రెండు చోట్లా ఒకేలా ఉంచడం. ఇక్కడ చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. నకలుకు ఆ గుణం లేదు.

మరి ‘బ్యాకప్’ ఎందుకు ఉంచమన్నాను? నకలుకు లొంగని పని ఒకటి అందులో ఉంది. ఆండ్రాయిడ్ ఫోను లాక్ తీసి, కేబులుతో కంప్యూటరుకు తగిలించి, ఫోనుపైన వచ్చే నోటిఫికేషన్లో ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకుంటే ఫోల్డర్లు విడివిడిగా కనిపిస్తాయి. డీసీఐఎం ఫోల్డరులో కెమెరాతో తీసినవి, పిక్చర్స్‌లో, డౌన్‌లోడ్‌లో మిగిలినవి ఉంటాయి. వాట్సాప్ ఫోల్డరు ఆండ్రాయిడ్ 11 నుంచి ‘ఆండ్రాయిడ్’ లోపల ‘మీడియా’ ఫోల్డరులో ఉంటుంది. వీటిని లాగి కంప్యూటరులో పెట్టుకోవడం అచ్చంగా నకలు తీయడమే. వాట్సాప్ మాటలు మాత్రం సెట్టింగుల్లో ‘చాట్ బ్యాకప్’ నొక్కాక ఒక ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలుగా ఆ ఫోల్డరులోకి వస్తాయి. దాన్ని కంప్యూటరులో తెరిచి చదవలేం, అదే నంబరుతో వాట్సాప్ మళ్లీ పెట్టుకున్నప్పుడే తెరుచుకుంటుంది. ఫోను నంబర్లు కూడా ఫోల్డర్లలో దొరకవు. కాంటాక్ట్స్ యాప్‌లో ‘ఎక్స్‌పోర్ట్’ నొక్కితే నంబర్లన్నీ ఉన్న ఒక వీసీఎఫ్ ఫైలు పుడుతుంది, దాన్ని కాపీ చేసుకోవాలి.

ఐఫోను దారి వేరు. విండోస్‌లో ఐట్యూన్స్ గానీ యాపిల్ డివైసెస్ గానీ, మ్యాక్‌లో ఫైండర్ గానీ (ఇవన్నీ యాపిల్ ప్రోగ్రాములే) తెరిచి, ఫోనుమీద ‘ఈ కంప్యూటర్‌ను నమ్మాలా’ అన్న ప్రశ్నకు ఒప్పుకుని పాస్‌కోడ్ కొట్టి బ్యాకప్ నొక్కితే అంతా ఒక్క మూటగా కడుతుంది. మూట విప్పి ఫొటోలు చూసుకోవడానికి లేదు, ఫోనులోకి తిరిగి ఎక్కించుకోవడానికే అది. ఎన్‌క్రిప్ట్ చేసే గడికి టిక్కు పెడితే దాచుకున్న పాస్‌వర్డులు, ఆరోగ్య వివరాలు కూడా మూటలోకి వస్తాయి. ఆ మూటకు పెట్టిన పాస్‌వర్డు మరిచిపోతే అది ఇక తెరుచుకోదు. ఫొటోలు ఐక్లౌడ్‌లో, అంటే యాపిల్ వాళ్ల ఆన్‌లైన్ నిల్వలో ఉంచుకునేలా పెట్టుకున్నవాళ్లకు ఆ ఫొటోలు మూటలో చేరవని కూడా తెలియాలి. దీన్ని ‘నకలు’ అంటే సగమే చెప్పినట్టు. అందుకే కాపీ చేయడానికి నకలు, మూట కట్టడానికి బ్యాకప్. కాగితం మీద రెండింటికీ కలిపి బ్యాకప్ అంటే అందరికీ తెలుస్తుంది. పైన ‘ఎక్కించుకోవడం’ అన్నాను. మెమరీ కార్డులో పాటలు ఎక్కించుకున్న కాలం నుంచీ జనం నోట ఉన్న మాట అది. ‘రీస్టోర్’కు ‘తిరిగి ఎక్కించు’ను మించిన తెలుగు వెతకనక్కర్లేదు.

‘ఇచ్చే ముందు’ తప్పు కాదు, అయినా మీ పనికి ‘ఇవ్వకముందే’ మేలు. ‘భోంచేసే ముందు చేతులు కడుక్కో’ అంటే కంచం దగ్గరికొచ్చాక అని స్ఫురిస్తుంది. అలాగే ఫోనిచ్చే ముందు అంటే కౌంటరు దగ్గర నిలబడి అనుకుంటారు. 64 జీబీ కాపీ చేయాలంటే సెకనుకు 30 ఎంబీ చొప్పున నడిచినా 35 నిమిషాలు దాటుతుంది, చిన్న చిన్న ఫైళ్లు వేలల్లో ఉంటే ఇంకా పడుతుంది. పైగా కేబులు తగిలించినా కంప్యూటరు ఫోనును గుర్తుపట్టకపోవచ్చు. ఛార్జింగు కోసమే చేసిన చవక కేబుళ్లలో కరెంటు తీగలు రెండే ఉంటాయి, ఫైళ్లు నడిచే తీగలు ఉండవు. ఫోనును గుర్తుపట్టినా ఫోల్డరు ఖాళీగా కనిపిస్తే లాక్ తీయలేదనో, ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ ఎంచుకోలేదనో అనుకోవాలి. ఇవన్నీ ఇంటి దగ్గర తేల్చుకోవాల్సిన పనులు.

మరమ్మతు విషయానికొస్తే, మాస్టారి దిద్దుబాటు న్యాయమే. మూలం ‘మరమ్మత్’. అందులో ఒత్తు మకారానికే, తకారానికి లేదు. అయితే ‘కస్రత్’ మన దగ్గర ‘కసరత్తు’ అయింది కదా. విపత్తు, సంపత్తు, విద్యుత్తు అలవాటైన నాలుక తకారాంతమైన పరాయి మాటకూ అదే ఒత్తు పెడుతుంది. ‘మరమ్మతు’ రాయండి, ‘మరమ్మత్తు’ రాసినవాణ్ణి మాత్రం వెక్కిరించకండి. దుకాణంలో అసలు జాగ్రత్త పడాల్సింది ‘రిపేరు’తో. బాగుచేయడమని మొదలైన ఈ మాట తెలుగులో పాడవడమనే అర్థానికి కూడా జారిపోయింది. ‘బండి రిపేరయింది’ అంటే దారిలో ఆగిపోయిందని. మీ తమ్ముడు ఫోను చేసి ‘మీ ఫోను రిపేరయిందండీ’ అంటే వినేవాళ్ల గుండె గుభేలుమంటుంది. ‘బాగయింది’ అనమనండి. ‘మరమ్మతు’ కూడా అదే దారి పట్టింది. ‘మరమ్మతులకు గురైన మోటారు’ అని పత్రికల్లో రాస్తున్నారు. బాగుచేయించుకోవడం ఏమన్నా ప్రమాదమా, గురికావడానికి? ‘రిపేరుకు ఇవ్వడం’లో మాత్రం ఏ గందరగోళమూ లేదు, కాగితంలో అదే ఉంచవచ్చు.

‘కంప్యూటర్‌కు బ్యాకప్’ అన్నారు. కేబులు కంప్యూటరుకు తగిలిస్తాం, ఫైళ్లు కంప్యూటర్‌లోకి తీసుకుంటాం. ఇక్కడ ‘లోకి’ కావాలి. ‘పోయిన యెడల’ బదులు ‘పోతే’ చాలు.

చివరిది, అన్నిటికన్నా పెద్ద తప్పు: ‘మేము బాధ్యులు కాదు’. ‘అగు’ ధాతువు వ్యతిరేక రూపం కర్తను బట్టి మారుతుంది. నేను కాను, మేము కాము, నువ్వు కావు, మీరు కారు, అతను కాడు, ఆమె కాదు, వాళ్లు కారు. కాబట్టి ‘మేము బాధ్యులం కాము’. ఆ ‘బాధ్యులం’లోని సున్నా కూడా ముఖ్యం, ఉత్తమపురుష బహువచనానికి (మేము, మనం) గుర్తు అదే. కొందరు ‘మేము బాధ్యులు కారు’ అని రాస్తారు, అది ఎవరో మూడోవాళ్ల గురించి చెప్పినట్టు ఉంటుంది. ‘కాము’ మరీ పుస్తకాల భాషలా అనిపిస్తే ‘మాకు బాధ్యత లేదు’ అనండి.

మీ కాగితం ఇలా ఉండవచ్చు:

‘ఫోన్ రిపేరుకు ఇవ్వకముందే అందులోని ఫొటోలు, వీడియోలు, ఫోన్ నంబర్లు, వాట్సాప్ మెసేజీలు కంప్యూటర్‌లోకి బ్యాకప్ తీసుకోండి. చేతకాకపోతే తెలిసినవాళ్ల చేత చేయించుకోండి. బ్యాకప్‌లో అన్నీ వచ్చాయో లేదో చూసుకోండి. సిమ్, మెమరీ కార్డు తీసి మీ దగ్గరే ఉంచుకోండి. బాగుచేసేటప్పుడు ఫోన్లో ఉన్నవన్నీ పోవచ్చు. పోతే మేము బాధ్యులం కాము.’

ఇందులో ‘చూసుకోండి’ మీ కాగితంలో లేదు, నేను చేర్చాను. ఫోనులో ఫోల్డరుకు ఎన్ని ఫైళ్లున్నాయో కంప్యూటరులోనూ అన్నే ఉన్నాయేమో లెక్క సరిచూసి, పాతవి రెండు, కొత్తవి రెండు తెరిచి చూడమని అడిగినవాళ్లకు మీ తమ్ముడు నోటితో చెబితే సరిపోతుంది. ‘పోవచ్చు’ను ఎవరైనా ‘పోగలవు’ అని దిద్దబోతే ఒప్పుకోకండి, పోవడం ఫొటోల సామర్థ్యమన్నట్టుంటుంది.