పాఠకుల ప్రశ్నలు: గడ్డి శిలువ, వెన్న దిష్టి

ప్రశ్న: డబ్లిన్‌లో మా అమ్మాయి గుమ్మం పైన గడ్డితో అల్లిన శిలువ చూశాను. మన తుంగతో అల్లితే వారానికే వదులైపోయింది. ఎందుకు?
– పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అది ఐర్లండ్ వాళ్లు కొలిచే క్రైస్తవ సన్యాసిని సెయింట్ బ్రిజిడ్ పేరిట అల్లే శిలువమ్మా. ఆమె పండుగ ఫిబ్రవరి 1. ముందు రోజు రాత్రే అల్లి, ఇల్లు అంటుకోకుండా కాపాడుతుందని చూరులో గుచ్చేవారు. గడ్డి కప్పిన ఇళ్లు మరి. వేసవిలో తాటాకు ఇళ్ల భయం చూసిన మనకు ఇది వేరే చెప్పక్కర్లేదు. గడ్డిని కత్తితో కోయరు, చేత్తో పీకుతారు.

వాళ్ల గడ్డి గుండ్రం, లోపల బెండు. మన తుంగ మూడంచులది, మడిస్తే అంచు దగ్గర చీలుతుంది. కాబట్టి కోసిన తుంగను ఒక పూట నీడలో వాడనిచ్చి, అప్పడాల కర్రతో ఒత్తండి. 17 కాడలు చాలు. ఒకటి నిలువుగా పట్టుకుని, రెండోదాన్ని సగానికి మడిచి దాని నడుముకు తొడగండి, కొసలు కుడివైపు ఉండాలి. మొత్తాన్ని ఎడమకు పావు చుట్టు తిప్పండి. ఆ కొసలు పైకి వస్తాయి. వాటి మీదుగా మూడోది, మళ్లీ కొసలు కుడికే. ఇలా చివరిదాకా. చివరి కాడ కొసల్ని పక్క మడతలోంచి దూర్చి, నాలుగు చేతులూ దారంతో కట్టి కత్తిరించండి.

పచ్చి కాడ ఎండితే సన్నబడుతుంది, మీది వదులైంది అందుకే. అల్లేటప్పుడు ప్రతి మడతనూ నడిమికి నొక్కి జరపండి, మధ్యనున్న వేళ్లు తీయకండి. వారం తర్వాత దారాలు మళ్లీ బిగించండి.

ప్రశ్న: మే 1న ఐర్లండ్ పల్లెల్లో పొయ్యి నిప్పు ఎవరికీ ఇచ్చేవారు కాదట. ఇది కార్మిక దినమా?
– పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: కాదండి, అంతకన్నా చాలా పాతది. బెల్టెయిన్ అంటారు, వాళ్ల వేసవి తొలిరోజు, పశువులను మేతకు తోలే కాలం. ఆ రోజు నిప్పు, పాలు, వెన్న గడప దాటితే ఏడాది వెన్న భాగ్యమంతా తీసుకున్నవాళ్ల వెంట పోతుందని నమ్మకం. దీపం పెట్టాక మనం పెరుగు, ఉప్పు ఇవ్వం కదా, అలాంటిదే.

వెన్న చిలికే వేళ ఇంటికొచ్చినవాళ్లు కూడా కర్ర పట్టాల్సిందే. పట్టకుండా వెళితే దిష్టి అనుకునేవారు. పొడవాటి చెక్క పీపాలో కర్రను రోకలిలా పైకీ కిందికీ ఆడించాలి, చేతులు పడిపోయే పని, కాబట్టి ఇంకో జత చేతులు దొరకడం మేలే. వెన్న పడకపోవడానికి అసలు కారణం చాలాసార్లు వేడి. మీగడ 12 నుంచి 16 డిగ్రీల మధ్య ఉండాలి. చల్లబడితే గడ్డ కట్టదు, వేడెక్కితే జిడ్డుగా సాగుతుంది. బెజవాడ ఎండల్లో కవ్వం తిప్పేవాళ్లు ఐసు ముక్కలు వేసేది ఇందుకే.