కాఫీ మెషీన్ షాక్ కొట్టింది, కంపెనీ వారంటీ లేదంటోంది... కేసు నిలుస్తుందా?

సందేహం: మాది హన్మకొండ. ఏడు నెలల కిందట ఆన్‌లైన్‌లో 22 వేలు పెట్టి విదేశీ ఎస్ప్రెసో మెషీన్ కొన్నాం. ప్లగ్గుకు రెండు గుండ్రటి పిన్నులే ఉన్నాయి. అడాప్టర్ కొని, దాంట్లో పెట్టి వాడుకున్నాం. మొన్న మా ఆవిడ పాలు నురగ చేసే స్టీలు గొట్టం పట్టుకోగానే షాక్ కొట్టి చెయ్యి కాలింది. స్విచ్‌బోర్డు కూడా మాడింది. చౌరస్తాలో ఒక షాపులో విప్పి చూపిస్తే, లోపల వైరు తొడుగు కరిగి బాడీకి తగులుతోందన్నారు. ‘బయట విప్పించారు, వారంటీ పోయింది’ అని కంపెనీ, ‘రిటర్న్ గడువు దాటింది’ అని అమ్మినవాళ్లు చెబుతున్నారు. కేసు వేయొచ్చా?

సమాధానం: వేయొచ్చు. వారంటీ కార్డులోని షరతు వేరు, చట్టం పెట్టే బాధ్యత వేరు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో లోపమున్న వస్తువు వల్ల మనిషికి దెబ్బ తగిలితే తయారీదారు, అమ్మకందారుల బాధ్యత ఏమిటో విడిగా ‘ఉత్పత్తి బాధ్యత’ అని ఒక అధ్యాయమే ఉంది. రిటర్న్ గడువు అన్నది వాళ్లు పెట్టుకున్న లెక్క, చట్టంలో కేసు వేయడానికి గడువు రెండేళ్లు.

కంపెనీ పట్టుకోబోయేది సెక్షన్ 87ను. వస్తువును మార్చినా, తప్పుగా వాడినా అమ్మకందారుపై దావా చెల్లదని అందులో ఉంది. కానీ ఆ మార్పు ‘హాని జరిగిన సమయానికి’ ఉండాలి. మీరు విప్పించింది షాక్ కొట్టిన తర్వాత. కాబట్టి షాపువాడి దగ్గర తేదీతో రసీదు, ‘నేను తెరిచేసరికి ఇలా ఉంది’ అని నాలుగు ముక్కలు రాయించుకోండి. వైరు మార్చేశాడా? మార్చితే పాతది అడిగి తెచ్చుకోండి. ఇక ఎవరి చేతా ముట్టించకండి. బాగుచేయించిన మెషీన్ వినియోగదారుల కమిషన్ ముందు పెడితే అది మీ కేసుకే ఎదురు సాక్ష్యం.

అసలు చిక్కు అడాప్టర్ దగ్గర ఉంది. లోహపు బాడీ, లోపల నీళ్లు, ఆవిరి, వెయ్యి వాట్లు దాటే హీటరు. ఇలాంటి వస్తువును ఎర్త్ వైరును నమ్ముకునే తయారుచేస్తారు. వైరు బాడీకి తగిలితే కరెంటు ఎర్త్‌లోకి పోయి ఎంసీబీ (కరెంటు మితిమీరితే దానంతటదే ఆపేసే స్విచ్) పడిపోవాలి. యూరప్ గుండ్రటి ప్లగ్గుకు ఎర్త్ మూడో పిన్నుగా ఉండదు, పక్కన రేకు పట్టీలుగా ఉంటుంది. మన బజారులో దొరికే చాలా అడాప్టర్లలో ఆ రేకులకు తగిలేదేమీ ఉండదు, అంటే మెషీన్‌కు ఎర్తే అందదు. కాఫీ మాత్రం బ్రహ్మాండంగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు! ‘అడాప్టర్ మీ తప్పు’ అని వాళ్లు తప్పకుండా అంటారు. దానికి జవాబు సెక్షన్ 84లోనే ఉంది: హాని జరగకుండా సరైన సూచనలు, హెచ్చరికలు ఇవ్వకపోవడం కూడా తయారీదారు బాధ్యతే. మాన్యువల్‌లో అడాప్టర్ గురించి ఒక్క మాటైనా ఉందా చూడండి. లేకపోతే మీ పక్షం బలం. ‘వాడకూడదు’ అని స్పష్టంగా ఉంటే మాత్రం కేసు బాగా పలచబడుతుంది, ముందే చెబుతున్నా.

మీ ఇంటి ఎర్తింగ్‌నూ పరీక్ష చేయించుకోండి. పాత ఇళ్లలో సాకెట్‌కు మూడు రంధ్రాలుంటాయి, పై రంధ్రం వెనక వైరే ఉండదు. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చూపించి రాతపూర్వకంగా తీసుకోండి. స్విచ్‌బోర్డు మాడటాన్ని మెషీన్ మీద వేయడం కష్టం; అడాప్టర్ వదులుగా ఉన్నా అలా మాడుతుంది. దాని మీద పట్టుబడితే చేతి గాయం కేసు కూడా బలహీనపడుతుంది.

ఎవరి మీద వేయాలి? అట్టపెట్టె పారేయలేదు కదా? దాని మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. దిగుమతి చేసేవాడూ చట్టం దృష్టిలో అమ్మకందారే. విదేశీ కంపెనీకి నోటీసు అందించే వీల్లేకపోతే, సెక్షన్ 86 ప్రకారం అమ్మినవాడే జవాబు చెప్పాలి. తయారీదారు, దిగుమతిదారు, అమ్మకందారు ముగ్గురినీ చేర్చండి.

మీరు ఉండే చోటనే, మీ జిల్లా కమిషన్‌లోనే వేయొచ్చు, ఆన్‌లైన్‌లోనూ వీలుంది. వస్తువుకు చెల్లించిన ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. ఒక మెలిక గుర్తుపెట్టుకోండి: చట్టం చెప్పే ‘హాని’లో ఆ వస్తువుకు కలిగిన నష్టం రాదు. అందుకే 22 వేలను లోపమున్న వస్తువు వాపసుగా, చికిత్స ఖర్చు, గాయం బాధను ఉత్పత్తి బాధ్యత కింద విడివిడిగా అడగాలి. మెషీన్‌ను ల్యాబ్‌కు పంపమని కూడా పిటిషన్‌లో కోరండి, ఆ పరీక్ష ఖర్చు ముందు మీరే కట్టాల్సి ఉంటుంది. వేసేముందు లీగల్ నోటీసు తప్పనిసరి కాదు గానీ, ఇచ్చి 15 రోజులు చూస్తే చాలాసార్లు అక్కడే రాజీకి వస్తారు. వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌కు చేసిన ఫిర్యాదు నంబరు కూడా దాచుకోండి.

ఆసుపత్రి చీటీలో ‘కరెంటు షాక్ వల్ల’ అని రాసి ఉందా? లేకపోతే రేపే వెళ్లి ఆ డాక్టర్‌నే అడగండి.